ముప్ఫై రెండు పెట్టెలు, ముప్ఫై రెండు చేతులు

ముప్ఫై నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ పని చేశాను. అందులో చెప్పుకోదగ్గది చాలా తక్కువ. తెగిన వైరు అతికించాను, కాలిన పార్టు మార్చాను, జీతం తీసుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీరు చేసిన గొప్ప పని ఏదో చెప్పమని అడుగుతుంటారు. గొప్ప పని గుర్తుకు రాదు గానీ పెద్ద తప్పు ఒకటి గుర్తుంది. నా ఆ తప్పు వల్ల ముప్ఫై రెండు కుటుంబాలు బాగుపడ్డాయి. నేను సరిగ్గా చేసిన పనుల వల్ల ఎవరైనా బాగుపడ్డారో లేదో ఇప్పటికీ తెలియదు.

డెబ్భైల మొదట్లో సంగతి. నాకు ఇరవై ఆరేళ్లు. ఉప్పల్‌లో ఉండేవాణ్ని. రోజూ సైకిల్ మీద నాచారం పోయి ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ని. అక్కడ సభలకూ పెళ్లిళ్లకూ వాడే మైకు సెట్లు తయారుచేసేవాళ్లం. అందరం కలిపి పద్నాలుగు మందిమి.

యజమాని కోస్తా వైపు మనిషి. రైల్వేలో సిగ్నళ్ల ఇంజనీరుగా చేసి రిటైరై, చేతికొచ్చినదంతా ఈ షెడ్డులో పోశాడు. సిగ్నళ్లతో గడిపినందువల్లనేమో, ఆయనకు లోకంలో రెండే రంగులు. ఏ పని గురించి చెప్పబోయినా "గ్రీనా, రెడ్డా?" అని అడిగేవాడు. మధ్యలో పసుపు కూడా ఉంటుందని ఆయనకు గుర్తుచేసే సాహసం ఎవరూ చెయ్యలేదు.

ఫిట్టింగు చూసేది మేస్త్రన్న. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. చర్చిలో సంఘపెద్ద. రెండు విషయాల్లో ఆయన్ని ఎవరూ కదిలించలేరు. షెడ్డులోకి చెప్పులతో రాడు, అబద్ధమాడడు. చెప్పులకు ఇనుప రజను అంటుకుని ఇంట్లో చిన్నపిల్లల కాళ్లకు గుచ్చుకుంటుందని మొదటిది. రెండోదానికి ఆయన కారణమేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఏడు మా మైకులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. బొంబాయి నుంచి వచ్చే సెట్లు తేలికగా, చూడముచ్చటగా ఉండేవి. మావి మోయడానికి ఇద్దరు కావాలి. రెండు నెలల్లో షెడ్డుకు తాళం పడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అలాంటప్పుడు ఒక సర్కారు శాఖ నుంచి కబురొచ్చింది. జిల్లాల్లోని ముప్ఫై రెండు గ్రంథాలయాల్లో సంగీతం వినే గదులు పెడుతున్నారట. రికార్డు ప్లేయర్లు వాళ్ల దగ్గరున్నాయి. పాత రికార్డులు అరిగిపోకుండా వాటికి తేలికైన అయస్కాంతపు ముల్లు బిగించారు. చిక్కంతా ఆ ముల్లుతోనే వచ్చింది.

మామూలు ముల్లు ఇచ్చే ధ్వని సంకేతాన్ని నేరుగా ఆంప్లిఫయర్‌కు కలపవచ్చు. అయస్కాంతపు ముల్లు ఇచ్చేది దానికి వందో వంతు కూడా ఉండదు. పైగా రికార్డు మీద పాటను గాడిగా కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచెయ్యాలి. ఈ రెండు పనులూ చేసే చిన్న పెట్టెనే ప్రీ ఆంప్లిఫయర్ అంటారు. బజారులో దొరికేది కాదు. ఒక నమూనా చేసి కమిటీకి వినిపించి మెప్పిస్తే ముప్ఫై రెండూ మావే.

"నేను చేస్త సార్" అన్నాను. అంతకుముందు ఎన్నడూ చెయ్యలేదు. అరువు తెచ్చుకున్న పత్రికలో ఒక సర్క్యూట్ బొమ్మ చూశానంతే.

రెండు వారాలు ఉప్పల్‌లో మా ఇంటి వరండాలో, ఒక చెక్క పలక మీద మేకులు కొట్టి, వాటి మధ్య ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు అతికించాను. మా అమ్మ దాన్ని చూసి ఎలుకల బోను అనుకుంది. కానీ అది పనిచేసింది. నాదస్వరం రికార్డు పెడితే విద్వాంసుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. అర్ధరాత్రి వరండాలో ఒక్కణ్నే కూర్చుని మూడుసార్లు విన్నాను. నేను ఎంత తెలివైనవాణ్నో నాకే ఆశ్చర్యమేసింది.

తప్పు అక్కడ మొదలైంది. ఇంత మంచి వస్తువుకు మంచి పెట్టె ఉండాలనిపించింది. మేస్త్రన్న ఇనుప రేకుతో చక్కటి పెట్టె చేసిచ్చాడు. దాన్ని ఉప్పల్ రోడ్డు మీద లారీలకు రంగులేసే ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన లోపలా బయటా నీలం రంగు రెండు కోట్లు దట్టంగా వేశాడు. మూత మీద తామరపువ్వు కూడా వేస్తానన్నాడు. వద్దన్నాను. ఆరాక సర్క్యూట్‌ను పెట్టెలో బిగించి, ఎర్తు వైరును మరతో అదిమి, షెడ్డుకు తీసుకుపోయాను.

అందరూ చుట్టూ చేరారు. రికార్డు తిప్పాను. నాదస్వరం వచ్చింది. దాని వెనకే ఒక పెద్దమనిషి గొంతు కూడా వచ్చింది. గేదె దూడలకు నులిపురుగుల మందు ఎప్పుడు తాగించాలో తాపీగా చెబుతున్నాడు.

"ఇదేమిటయ్యా?" అన్నాడు యజమాని.

"రేడియో సార్."

"మనం చేసింది రేడియోనా?"

"కాదు సార్."

ఆయన కాసేపు విన్నాడు. నాదస్వరం ద్రుతంలోకి వెళ్లింది. పెద్దమనిషి మాత్రం పరగడుపున తాగించాలని నొక్కి చెప్పాడు. "రెడ్" అని యజమాని తన గదిలోకి వెళ్లిపోయాడు.

సంకేతం ఎంత చిన్నదైతే పెట్టె అంత సున్నితంగా ఉండాలి. సున్నితమైన పెట్టెలోకి పిలవని చుట్టాలు సులువుగా దూరతారు. రేడియో వాళ్ల స్తంభం మాకు మరీ దూరం కాదు. ఇదంతా నాకు తెలుసు. ఎక్కడి నుంచి దూరుతున్నదో మాత్రం తెలియలేదు. వైర్లు మార్చాను, పొట్టివి చేశాను, మెలిపెట్టాను. ట్రాన్సిస్టర్లు మార్చాను. టేబుల్‌ను షెడ్డులో నాలుగు మూలలకూ జరిపాను. నాలుగు మూలల్లోనూ పాడిపంటల కార్యక్రమమే. వారం గడిచేసరికి మా వాళ్లకు పశువైద్యం బాగా పట్టుబడింది.

కమిటీ రావడానికి నాలుగు రోజులుందనగా మేస్త్రన్న నా పక్కన నిలబడి, పెట్టె వేడెక్కిందేమో చూడ్డానికి దాని మీద చెయ్యి వేశాడు. పెద్దమనిషి గొంతు ఠక్కున ఆగిపోయింది. నాదస్వరం ఒక్కటే మిగిలింది. ఆయన చెయ్యి తీశాడు. గేదెలు తిరిగొచ్చాయి. మళ్లీ వేశాడు. పోయాయి.

ఆ పూట షెడ్డులో పని ఆగిపోయింది. వరసపెట్టి అందరి చేతులూ పెట్టించి చూశాను. నా చేతికి రేడియో సగం తగ్గింది. టీ తెచ్చే అవ్వ చేతికి నా కంటే కొంచెం ఎక్కువ తగ్గింది. యజమాని చెయ్యి వేస్తే మాత్రం వ్యాఖ్యాత వచ్చి పక్కన కూర్చున్నంత స్పష్టంగా వినిపించింది. ఆయన నొచ్చుకున్నాడు. పూర్తిగా నోరు మూయించింది మేస్త్రన్న చెయ్యి ఒక్కటే. పెద్ద అరచెయ్యి, చెమట, నేల మీద ఉత్త కాళ్లు. ఇప్పుడైతే కారణం చిటికెలో చెప్తాను. అప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

యజమాని ఉపాయం చెప్పాడు. పొద్దుటి ప్రసారం అయ్యాక మధ్యాహ్నం దాకా రేడియో ఉండదు. కమిటీని పదింటికి రమ్మంటే సరి. ఒకవేళ ఆలస్యమైతే మేస్త్రన్న చెయ్యి పెట్టి కూర్చోవాలి. మేస్త్రన్న పెట్టెను గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత నాతో, "అడగకుంటె చెప్ప, తమ్మీ. అడిగితె మాత్రం ఉన్నదే చెప్త" అన్నాడు.

ఆ రోజు అందరం ఇస్త్రీ బట్టలతో వచ్చాం. పదైంది, పదకొండైంది. జీపు డ్రైవరు దారి తప్పి పీర్జాదిగూడ పొలాల దాకా పోయి వెనక్కి తిరిగాడట. కమిటీ అయిదుగురూ షెడ్డులో అడుగుపెట్టేసరికి పన్నెండున్నర దాటింది. సరిగ్గా పాడిపంటల వేళ.

కమిటీ పెద్ద పాతకాలపు అధికారి. సంగీతమంటే ప్రాణమని ముఖం చూస్తేనే తెలుస్తుంది. రికార్డు మొదలు కాగానే కళ్లు మూసుకున్నాడు. మేస్త్రన్న టేబుల్ వెనక స్టూలు మీద, పెట్టె మీద చెయ్యి వేసి, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నాడు. రికార్డు ఒక వైపు పూర్తయ్యేదాకా గేదెల ఊసే లేదు.

కమిటీ పెద్ద కళ్లు తెరిచి, మొదటిసారిగా మేస్త్రన్నను చూశాడు.

"నువ్వేం జేస్తున్నవ్?"

"చెయ్యి పెట్టి కూసున్న సార్."

"ఎందుకు?"

"తీస్తె ఆగమైతది సార్."

"తియ్యి, సూద్దాం."

మేస్త్రన్న తీశాడు. షెడ్డంతా గాలికుంటు వ్యాధి లక్షణాలతో నిండిపోయింది. యజమాని గోడ వైపు తిరిగాడు. కమిటీ పెద్ద మళ్లీ పెట్టమన్నాడు. నాదస్వరం. తియ్యమన్నాడు. గేదెలు. చిన్నపిల్లవాడిలా నాలుగుసార్లు అలాగే చేయించి, ఇదేమిటని నా వైపు తిరిగాడు.

తెలియదని అనవచ్చు. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి. కానీ వెనక మా వాళ్లంతా నా వీపునే చూస్తున్నారు. నా నోటి నుంచి నాకే తెలియని శాస్త్రం వచ్చింది. ఇది చాలా సున్నితమైన యంత్రమనీ, మానవ శరీరంలోని విద్యుత్తుతో సమతుల్యం కుదిరితేనే శుద్ధమైన నాదం వస్తుందనీ, విదేశాల్లో కూడా ఇప్పుడిప్పుడే ఈ పద్ధతి మొదలైందనీ చెప్పాను. అయిదుగురిలో ముగ్గురు రాసుకున్నారు. కమిటీ పెద్ద మేస్త్రన్న చేతిని తన చేతిలోకి తీసుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, "నసీబున్న చెయ్యి" అన్నాడు.

జీపు వెళ్లిపోయాక మేస్త్రన్న నాతో ఒక్కటే మాటన్నాడు. "నువ్వు ఆడిన అబద్ధానికి నా చెయ్యి వాడుకున్నవు." నేనాయన మొహం చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పెట్టెను విప్పి ముక్కలు ముక్కలు చేశాను. అప్పుడు కనిపించింది. ఎర్తు వైరును నేను బిగించింది ఇనుము మీద కాదు, రంగు మీద. లారీ పెయింటరు దట్టంగా వేసిన రెండు కోట్ల వల్ల వైరు రేకును తాకనే లేదు. పెట్టెకు ఎర్తే లేదు, అంటే బయటి రేడియో తరంగాలు నేలలోకి దిగిపోయే దారి లేదు. అది లేని లోటు మేస్త్రన్న ఒంటితో తీరుతున్నది. బ్లేడుతో రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, మళ్లీ మర బిగించాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, నాదస్వరం ఒక్కటే వినిపించింది.

మేస్త్రన్నను పిలిచి చూపించాను. ఆయన ఆ గీకిన చోటును వేలితో తడిమి, చిన్నగా నవ్వాడు. "గింతేనా" అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. యజమానికి చెబితే గట్టిగా నవ్వి, "గ్రీన్" అన్నాడు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఆర్డరు మాకే. నమూనా ఎలా చూపించామో సరిగ్గా అలాగే ముప్ఫై రెండు సెట్లు సరఫరా చెయ్యాలి. ఒక్కొక్క సెట్టుతో పాటు దాని మీద చెయ్యి పెట్టడానికి తర్ఫీదు పొందిన ఒక మనిషిని కూడా.

యజమాని ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాడు. మొదటిసారి ఆయన నోటి నుంచి ఏ రంగూ రాలేదు.

ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, రెండు రోజుల్లో షెడ్డు గేటు ముందు జనం మూగారు. అంబర్‌పేట నుంచి కూడా వచ్చారు. ఒకాయన రామంతాపూర్ నుంచి తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, ఇతనికి హస్తవాసి మంచిదని, పక్షవాతం వచ్చినవాళ్లు కూడా ఇతని చెయ్యి పడితే లేచి కూర్చుంటారని చెప్పాడు. ఆ బావమరిది రెండు చేతులూ గేటు సందులోంచి లోపలికి చాచి చూపించాడు. నౌకరీ లేని ఆ రోజుల్లో అందులో నవ్వడానికేమీ లేదని నాకప్పుడు తట్టలేదు. నవ్వాను.

మేస్త్రన్న మాత్రం నవ్వలేదు. నిజం చెప్పి రమ్మన్నాడు. నమూనా తప్పని తేలితే ఆర్డరు పోతుందన్నాను. పోతే పద్నాలుగు మందిమి రోడ్డున పడతామన్నాను. "నేనూ అండ్ల ఒకన్నే గద" అన్నాడు. యజమానీ నేనూ గీకిన పెట్టెను సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, ఊళ్లోని ఆ శాఖ ఆఫీసుకు వెళ్లాం.

ఫైలు చూసే అధికారి మర్యాదస్థుడు. నేను రంగు సంగతి, ఎర్తు సంగతి, నా అబద్ధం సంగతి అంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"అయితే ఇప్పుడు మనిషి అక్కర్లేదంటారు."

"అవును సార్."

"మనిషి చెయ్యి తీస్తే యంత్రం చెడిపోతుందని అయిదుగురు అధికారులు కళ్లారా చూసి సంతకాలు చేశారు. చెయ్యి లేకుండా పనిచేసే యంత్రమంటే అది వేరే యంత్రం. దానికి మళ్లీ మొదట్నుంచీ రావాలి. వచ్చే ఏడాది ఈ పథకం ఉంటుందో ఉండదో నేను చెప్పలేను."

యజమాని, మరి మేము ముప్ఫై ఇద్దరు మనుషుల్ని ఎక్కడి నుంచి సరఫరా చెయ్యాలని అడిగాడు. అధికారి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఆలోచించి, మనిషి సరఫరా చేసే వస్తువు కాదనీ, అది కమిటీ పొరపాటనీ ఒప్పుకున్నాడు. మనుషులను శాఖే నియమించుకుంటుంది. మేము మూడు రోజులు తర్ఫీదు ఇస్తే చాలు. మేము నిజమే చెప్పామనీ, ఆయన వినలేదనీ ఎక్కడా రాయాల్సిన పని లేదని కూడా సలహా ఇచ్చాడు. బయటికొచ్చాక యజమాని మెట్ల మీద నిలబడి, "పసుపు" అన్నాడు.

అలా ముప్ఫై ఇద్దరు కొత్త ఉద్యోగులు జిల్లాల నుంచి నాచారం వచ్చారు. సంచులు పట్టుకుని, భయంభయంగా, షెడ్డులో వరసగా కూర్చున్నారు. చెయ్యి ఎలా పెట్టాలో మూడు రోజులు ఏం చెబుతాం? నేను చేతులెత్తేశాను. మేస్త్రన్న ముందుకొచ్చాడు. చెయ్యి గురించి ఆయన ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. రికార్డును అంచులతో ఎలా పట్టుకోవాలో, మెత్తటి గుడ్డతో దుమ్ము ఎలా తుడవాలో, ముల్లు అరిగితే ఎలా మార్చాలో, రికార్డులు వాలిపోకుండా ఎలా నిలబెట్టాలో నేర్పాడు. మూడో రోజు వాళ్లందర్నీ చెప్పులు విడిచి కూర్చోమని, ఒక రికార్డు పెట్టి, అయ్యేదాకా కదలకుండా వినిపించాడు. తర్ఫీదు అయిపోయిందన్నాడు.

సెట్లు వెళ్లాయి. ప్రతి పెట్టెలో ఎర్తు కింద రంగు నేనే స్వయంగా గీకాను. షెడ్డు ఇంకొన్నేళ్లు నిలబడింది.

ఆరేడేళ్ల తర్వాత, ఒక పెట్టె పలకడం లేదని మెదక్ వైపు చిన్న ఊరి నుంచి పిలుపొచ్చింది. వెళ్లాను. గ్రంథాలయం వెనక చిన్న గది. రికార్డుల మీద దుమ్ము రేణువు కూడా లేదు. బాగుచేసే మనిషి వస్తున్నాడని తెలిసి, గోడ పక్కన ముగ్గురు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. బల్ల వెనక స్టూలు మీద ఒకతను, పెట్టె మీద చెయ్యి వేసి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఎన్నాళ్లయింది చెడిపోయి అని అడిగాను. నాలుగు నెలలట. ఈ నాలుగు నెలలూ రోజూ వచ్చి చెయ్యి పెట్టి కూర్చుంటున్నాడు. ఒక్క దినం కూడా నాగా లేదు.

విప్పి చూస్తే ఒక కండెన్సరు పోయింది. మార్చడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ నా మనసు మనసులో లేదు. ఎప్పుడో ఆడిన అబద్ధానికి ఒక మనిషి ఇన్నేళ్లుగా ఇలా కట్టుబడి ఉన్నాడు. అతనికైనా నిజం చెప్పకుండా ఎలా వెళ్లిపోవడం? రికార్డు పెట్టాను. పాట మొదలైంది. ముసలివాళ్లు సర్దుకుని కూర్చున్నారు. నేను గొంతు తగ్గించి, ఆ చెయ్యి తీసినా ఏమీ కాదని చెప్పాను. మొదట్నుంచీ అక్కర్లేదని, తప్పంతా నాదని చెప్పాను.

అతను నా వైపు జాలిగా చూశాడు.

"నాకు ఎరుకనే సార్. వచ్చిన మొదటి దినమే తెల్సింది. బీడీ ముట్టిచ్చుకునేటందుకు చెయ్యి తీసిన, ఏం గాలే."

"మరి?"

"మా ఆఫీసర్‌కు గూడ తెల్సు. ఆయనే అన్నడు, కాయితం మీద ఉన్నదిరా, జర పెట్టుకో అని." ముసలివాళ్ల వైపు గడ్డం ఊపాడు. "వాళ్లకైతె తెల్వది. నా చెయ్యితోనే పాట వస్తదనుకుంటరు. అందుకే ఏ రికార్డు కావాల్నో నన్నే అడుగుతరు. మంచిగ ఇంటరు."

పాట అయ్యేదాకా నేనూ అక్కడే కూర్చున్నాను. తర్వాత అతను తనిఖీ రిజిస్టరు ముందు పెట్టి, ఏం రాస్తరు సార్ అన్నట్టు చూశాడు. సంతకం చేసే ముందు, నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన ఒకే ఒక్క నిజమైన రిపోర్టు అందులో రాశాను: "యంత్రము, మనిషి, రెండూ సక్రమముగా పనిచేయుచున్నవి."